అడుగువాని మర్యాద

మానవుడు మాటలు నేర్చిననాటినుండియు అడుగుట నేర్చినాడు. బిడ్డ తల్లిని అన్నమడుగును. బాటసారి దారి యడుగును. రైతు మార్కెట్టులో ధర యడుగును. విద్యార్థి గురువును సందేహమడుగును. అడుగుట సులభము, అడుగవలసినట్లు అడుగుట కష్టము. మన పల్నాటి పల్లెలనుండి నరసరావుపేటకో గురజాలకో అర్జీ పట్టుకొని వచ్చు పెద్దలను మీరెల్లరును చూచియే యుందురు. ఆ అర్జీలో ఎవరికి వ్రాయుచున్నదియు, తానెవరైనదియు, తన గ్రామమేదియు, తనకేమి కావలసినదియు వరుసగా వ్రాయింతురు. క్రింద తేదీ వేసి సంతకము చేయుదురు. వీనిలో ఏ యొక్కటి లోపించినను కాగితము తిరిగి చేతికి వచ్చును. నేడు మేము వ్రాయబూనినది కంప్యూటరు పంపెడి అర్జీని గూర్చి. మనము వ్రాసిన ప్రోగ్రాము దూరముననున్న మరియొక కంప్యూటరును తానే ప్రశ్నించి జవాబు తెచ్చుకొను విధమును గూర్చి. గడచిన సంవత్సరమున మా పాఠశాల కంప్యూటరు గదిలో మాకు ఈ పని పాఠమును వినోదమును అయినది. చదువరులకును కొంత ఉపయోగించునని తలచి ఈ సంచికకు వ్రాయుచున్నాము.

ఫోనులో ఒక వెబ్ పుట తెరచినప్పుడెల్ల మనకు తెలియకయే ఒక అర్జీ పోవుచున్నది, ఒక జవాబు వచ్చుచున్నది. బ్రౌజరను ప్రోగ్రాము మన పక్షమున అర్జీ వ్రాయును. జవాబిచ్చు కంప్యూటరును సర్వరందురు. ఈ ఉత్తర ప్రత్యుత్తరముల పద్ధతికి హెచ్.టి.టి.పి. యని పేరు. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున పని చేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ అను ఊహను ప్రతిపాదించెను. 1991 నాటి మొదటి పద్ధతిలో అర్జీ ఒక్క పంక్తి మాత్రమే. ‘గెట్’ అను మాటయు, కావలసిన పుట జాడయు అందుండెను. అడుగువాడెవరో అందు లేదు. పని అయినదో కాలేదో తెలుపు సంఖ్య జవాబున లేదు. 1996 మే నెలలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1945 అను పత్రమున ఈ పద్ధతి విస్తరించి వర్ణింపబడినది. అర్జీకి ‘హెడర్లు’ అను పంక్తులు చేరినవి. జవాబునకు మూడంకెల సంఖ్య చేరినది.

ఆర్.ఎఫ్.సి. యను ఆంగ్లపు పొడి అక్షరములకు ‘వ్యాఖ్యానములకై విన్నపము’ అని అర్థము. 1969 ఏప్రిల్ నెలలో స్టీవ్ క్రాకర్ అను యువకుడు ఈ పత్రములలో మొదటిదానిని వ్రాసెను. ఇంటర్నెట్ నియమములను తెలుపు పత్రములకే విన్నపమను పేరుండుట మాకు మిక్కిలి నచ్చినది. మన ఆంగ్ల ఉపాధ్యాయులకు ప్రీతి కలిగించు ముచ్చట యొకటి కూడ ఇచ్చట చెప్పవలయును. పై పత్రమున ‘రెఫరర్’ అను హెడరు పేరున నడుమ రెండు ‘ఆర్’ అక్షరములుండవలసిన చోట ఒక్కటియే పడినది. అప్పటికే అది వాడుకలో పాతుకొనిపోయినందున నేటికిని లోకములోని కంప్యూటర్లన్నియు ఆ తప్పు వ్రాతనే వ్రాయుచున్నవి. వర్ణక్రమమును ఆదిలోనే సరిచూచుకొనవలయునని తరగతిలో చెప్పుటకు ఇంతకు మించిన ఉదాహరణము దొరకదు.

ఇక లైబ్రరీ యను మాట. ఇచ్చట దీనికి పుస్తకముల బీరువా యని అర్థము కాదు. ఇతరులు ముందే వ్రాసి, పరీక్షించి, ఎల్లరి వాడుకకును విడిచిన కోడు సముదాయమునకు లైబ్రరీ యని పేరు. వడ్రంగి తన ఉలిని తానే కాచి సాగగొట్టడు. కమ్మరి చేసినదానిని తెచ్చుకొని తలుపు చెక్కును. అటులనే పైథాన్ భాషలో వెబ్ అర్జీలు పంపుటకు ‘రిక్వెస్ట్స్’ అను లైబ్రరీ కలదు. కెన్నెత్ రైట్జ్ అను అమెరికా దేశీయుడు దీనిని 2011లో వెలువరించెను. నేడిది పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారి ఆశ్రయమున నున్నది. అంతకు పూర్వము పైథాన్‌తో వచ్చు పరికరములతో ఒక చిన్న అర్జీ పంపుటకును, రహస్యపదముతో ప్రవేశించుటకును, పెక్కు పంక్తులు వ్రాయవలసి వచ్చెడిది. ‘మనుష్యుల కొరకైన హెచ్.టి.టి.పి.’ యని ఈ లైబ్రరీవారు తమ పనికి పేరు పెట్టుకొనిరి. ‘రిక్వెస్ట్స్.గెట్’ అని వ్రాసి, కుండలీకరణములలో జాడ నుంచినచో చాలును; అర్జీ పోయి జవాబు వచ్చును. ఒక్క పంక్తిలో పని ముగియును. కాని అడుగువాని బాధ్యతలు ఆ ఒక్క పంక్తితో ముగియవు. మేము చెప్పదలచిన దంతయు ఇదియే.

ఈ పని మా గదికి వచ్చిన విధము చెప్పెదము. మిరప కోతల కాలమున పదవ తరగతి విద్యార్థి యొకడు మా వద్దకు వచ్చి, “మాస్టారూ, గుంటూరు యార్డులో మిర్చి ధర ఎంతో మన కంప్యూటరు తనంతట తాను కనుక్కొని చెప్పగలదాండీ?” అని యడిగెను. వానిది గురజాల ప్రాంతపు గ్రామము. తండ్రి మూడెకరములలో మిరప వేసి, కాయ కల్లములో ఆరబెట్టి, టిక్కీలకెత్తి, కొంత శీతల గిడ్డంగిలో ఉంచియుండెను. అమ్మవలెనా, ఆగవలెనా యనునది ఆ యింట ప్రతిరాత్రియు జరుగుచున్న చర్చ. ఒకరు ఒక ధర చెప్పుదురు, మరియొకరు వేరొకటి చెప్పుదురు. పల్నాటి రైతునకు మిరప ధర ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వమువారు ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలునకు 11,781 రూపాయల జోక్యపు ధరను 2.91 లక్షల టన్నులకు ప్రకటింపవలసి వచ్చెను. బిడ్డల చదువు, ఆడపిల్ల పెండ్లి, మరుసటి యేటి విత్తనము, అన్నియు ఆ యొక్క అంకెపై ఆధారపడియున్నవి. కావున బాలుని ప్రశ్న ఆటకై అడిగినది కాదని మాకు తోచినది.

ప్రభుత్వ సమాచారమును ప్రజలకు తెరచి యిచ్చుటకై 2012లో కేంద్ర ప్రభుత్వమువారు డేటా.గవ్.ఇన్ అను వేదికను నెలకొల్పిరి. దేశములోని వ్యవసాయ మార్కెట్ల దినధరలు అగ్‌మార్క్‌నెట్ నుండి ఇచ్చటికి చేరును. మనుష్యులు కన్నులతో చూచుటకే గాక, ప్రోగ్రాములు అడిగి తీసికొనుటకును ఇందు ద్వారము కలదు. అట్టి ద్వారమును ఏ.పి.ఐ. యందురు. జవాబులో ఒక్కొక్క వరుసకు రాష్ట్రము, జిల్లా, మార్కెట్టు, సరకు, రకము, తరగతి, సరకు వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అను గడులుండును. ధర క్వింటాలునకు రూపాయలలో నుండును. బాలుడును వాని మిత్రులిరువురును మాతో కూర్చుండి నాలుగు సాయంకాలములలో ప్రోగ్రాము వ్రాసిరి. ఆ సాయంకాలములలో మేము కలసి నేర్చిన మర్యాదలను ఇక వరుసగా చెప్పెదము.

మొదటిది, కావలసినదానినే అడుగుట. దేశములోని సరకులన్నిటి ధరలను దింపుకొని, అందు మిరపను వెదకుట కొలనంతయు తోడి గ్లాసెడు నీరు త్రాగుట వంటిది. రాష్ట్రము ఆంధ్రప్రదేశ్, సరకు ఎండుమిరప యని అర్జీలోనే షరతు పెట్టవచ్చును. లైబ్రరీలో ‘పారమ్స్’ అను చోట ఈ షరతులను వ్రాసినచో అది వానిని జాడ చివర చక్కగా అతికించును. ఇందులోనే యొక మెలకువ కలదు. ఆ వేదికవారు పరీక్షకై ఎల్లరికిని ఇచ్చు నమూనా తాళపుచెవితో అడిగినచో పది వరుసలకు మించి జవాబు రాదు. పది వరుసలను చూచి లోకమింతేయని తలచువాడు మోసపోవును. జవాబులో మొత్తము ఎన్ని వరుసలున్నవో తెలుపు సంఖ్య వేరుగ నుండును. దానిని చూచి, ‘లిమిట్’, ‘ఆఫ్‌సెట్’ అను రెండు షరతులతో తక్కిన వరుసలను విడతలుగా తెచ్చుకొనవలయును. ఒక పేజీని చదివి గ్రంథమంతయు చదివితిననువానికిని, ఈ సంఖ్యను చూడనివానికిని భేదము లేదు.

రెండవది మన తెలుగునకు సంబంధించినది. వెబ్ జాడలలో ఆంగ్లాక్షరములకును, అంకెలకును, కొన్ని గుర్తులకును మాత్రమే చోటు కలదు. ‘పల్నాడు’ అను మాటను జాడలో నుంచవలెనన్న దానిని సంకేతములుగా మార్చవలయును. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇరువురు కల్పించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును. ‘పల్నాడు’లో పకారము, లకారము, పొల్లు, నకారము, దీర్ఘము, డకారము, కొమ్ము అని యేడు సంకేతములున్నవి. అనగా ఇరువదియొక్క బైట్లు. ఒక్కొక్క బైటునకు శాతపు గుర్తును రెండక్షరములును వ్రాయవలయును గనుక మొత్తము అరువదిమూడు గుర్తులగును. చేతితో వ్రాసినచో ప్రాణము విసుగును; లైబ్రరీ దీనిని కనురెప్పపాటులో చేసిపెట్టును.

తిరుగుదారిలో మాత్రము మనము జాగరూకులమై యుండవలయును. కొందరు సర్వరువారు జవాబు ఏ లిపిపద్ధతిలో నున్నదో చెప్పక పంపుదురు. అట్టియెడ రిక్వెస్ట్స్ లైబ్రరీ పాత నియమము ననుసరించి దానిని పశ్చిమ ఐరోపా లిపిగా భావించును. అప్పుడు తెలుగు పుటయంతయు తలపై వాలుగీతగల ఆంగ్లపు ‘ఏ’ అక్షరములతోను, ఉష్ణోగ్రతకు వేయు చిన్న సున్నలతోను నిండి కనబడును. దానిని చూచి పిల్లలు కంప్యూటరు చెడిపోయినదని భయపడుదురు. చెడినది ఏదియు లేదు. జవాబునకు ‘ఎన్‌కోడింగ్’ యు.టి.ఎఫ్.-8 అని ఒక్క పంక్తిలో చెప్పినచో మన అక్షరములు మరల వెలుగును. తెలుగు పుటలను ప్రోగ్రాముతో చదువగోరు ప్రతి విద్యార్థికిని ఈ చిక్కు ఏదో యొకనాడు ఎదురు కాకపోదు. అందుచేత ఇంత విపులముగ వ్రాసితిమి.

మూడవది, ఎంత సేపు వేచియుండవలయునో ముందే నిశ్చయించుకొనుట. పల్నాటి వీరగాథను విననివారు మనలో లేరు. మాచర్లవారి పక్షమున రాయబారియై గురజాలకు పోయిన అలరాజు విషప్రయోగమునకు గురియై తిరిగి రాలేదని ఆ గాథ చెప్పుచున్నది. పంపినవారు దారి చూచుచునే యుండిరి. మన ప్రోగ్రాము పంపు రాయబారియు ఒక్కొక్కప్పుడు తిరిగి రాడు. నడుమ తీగ తెగవచ్చును, సర్వరు నిలిచిపోవచ్చును. మనము గడువు చెప్పనియెడల రిక్వెస్ట్స్ లైబ్రరీ తనంతట తాను గడువు పెట్టుకొనదు. జవాబు రాకపోయినచో ప్రోగ్రాము గంటల తరబడి అటులనే నిలిచియుండును. ‘టైమౌట్’ అని వ్రాసి, పది సెకండ్లనియో ఇరువది సెకండ్లనియో గడువు చెప్పవలయును. గడువు దాటినచో లైబ్రరీ ఆ సంగతి తెలుపును. తరువాత నేమి చేయవలెనో మనము చెప్పియుంచవచ్చును.

నాలుగవది, జవాబు సంఖ్యను చదువుట. రెండుతో మొదలగు సంఖ్య కార్యసిద్ధిని తెలుపును. 200 అందు ముఖ్యమైనది. మూడుతో మొదలగునది ఇల్లు మారినదని చెప్పి క్రొత్త జాడనిచ్చును. లైబ్రరీ తానే ఆ క్రొత్త జాడకు పోవును గాని, మాటిమాటికి ఇల్లు మారుచున్నచో ముప్పది మార్పులతో ఆగిపోవును. నాలుగుతో మొదలగునది అడిగినవాని వంక చూపును. 404 అనగా అట్టి పుట లేదు. 403 అనగా నీకు అనుమతి లేదు. అయిదుతో మొదలగునది సర్వరువారి యిబ్బందిని తెలుపును. 503 అనగా ప్రస్తుతము సేవ చేయజాలము. ఈ సంఖ్యను చూడకయే జవాబును చదువబోవు ప్రోగ్రాము, కవరుపై ‘చిరునామాదారు లేడు’ అని వ్రాసి తిరిగి వచ్చిన ఉత్తరమును విప్పి, తన వ్రాతనే జవాబని చదువుకొనువాని వంటిది. ‘రెయిజ్ ఫర్ స్టేటస్’ అను ఒక్క మాటతో చెడ్డ సంఖ్య వచ్చినప్పుడు ప్రోగ్రామును ఆపవచ్చును.

అయిదవది, మాటిమాటికి అడుగకుండుట. మనుష్యుడు అలసిపోవును గాన అతని అడుగుటకు హద్దు కలదు. యంత్రమునకు అలసట లేదు. నిమిషమునకొకసారి అడుగు ప్రోగ్రాము దినమునకు 1,440 సారులు అడుగును. మా తరగతిలో నలువదిమంది అటులనే చేసినచో 57,600 అర్జీలగును. ధర మారునది దినమునకొకసారి! ఇంతకన్న వృథాశ్రమ వేరొకటి కలదా? అదియు ప్రజాధనముతో నడచు సర్వరుపై పెట్టు భారము. అధికముగ అడుగువారికి సర్వరువారు 429 అను సంఖ్యతో జవాబిత్తురు. 2012 ఏప్రిల్ నెలలో ఈ సంఖ్య నియమములలో చేరినది. దానితోపాటు ఎంత సేపటికి మరల రావలయునో చెప్పు హెడరును పంపవచ్చును. చెప్పినచో ఆ మాట వినవలయును. చెప్పనిచో ఒక సెకండు, రెండు, నాలుగు, ఎనిమిది యని వ్యవధిని రెట్టించుచు కొలదిసారులు మాత్రము ప్రయత్నించి మానుకొనవలయును. తెచ్చిన జవాబును మన కంప్యూటరులోనే దాచుకొనుట మరియొక ఉపాయము. మా గదిలో దినమునకు రెండు మారులు మాత్రమే అడుగునట్లు ఏర్పాటు చేసి, నలువదిమందియు దాచినదానినే చూచునట్లు చేసితిమి.

ఆరవది, తానెవరో చెప్పుట. అర్జీలో ‘యూజర్ ఏజెంట్’ అను హెడరు సంతకము వంటిది. మనము చెప్పనిచో లైబ్రరీ తన పేరును తన కూర్పు సంఖ్యను మాత్రము వ్రాయును. అది ‘ఇట్లు, ఒక కలము’ అని సంతకము చేయుటతో సమానము. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాయు, తక్కిన వికీపీడియాలును ఈ విషయమున స్పష్టమైన నియమమును పాటించుచున్నవి. ప్రోగ్రాముతో అడుగువారు తమ పనిముట్టు పేరును, తమను చేరు మార్గమును అందు వ్రాయవలయును. వ్రాయనివారి అర్జీలను త్రోసిపుచ్చవచ్చును. కొందరు తమ ప్రోగ్రామునకు బ్రౌజరు పేరు తగిలించి పంపుదురు. ఇది మారువేషము. మాకు ఇది తగదని పిల్లలకు చెప్పితిమి. ఇంటి యజమాని ఏ గదులలోనికి రావలదనెనో అదియు గమనింపవలయును. మార్టైన్ కోస్టర్ అనునతడు 1994లో ప్రతిపాదించిన ‘రోబోట్స్’ అను చిన్న పత్రమున స్వయంచాలక ప్రోగ్రాములు పోదగిన చోట్లును పోదగని చోట్లును వ్రాసియుండును. 2022లో అది ఆర్.ఎఫ్.సి. 9309గా నియమబద్ధమైనది. దానికి తాళము లేదు, కావలి లేదు. మాట మన్నించుటయే దాని బలము.

ఏడవది, తాళపుచెవిని దాచుకొనుట. ఏ.పి.ఐ. వారు ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపు వరుసను ఇత్తురు. దానిని ప్రోగ్రాములోనే వ్రాసి ఆ ప్రోగ్రామును మిత్రులకు పంచుట, ఇంటి తాళపుచెవిని తలుపునకే వ్రేలాడదీసి ఊరికి పోవుట వంటిది. చెవిని ప్రోగ్రామునకు వెలుపల వేరొక చోట నుంచి, అవసరమైనప్పుడు చదువుకొనవలయును. దీనికి తోడు, మనము మాటాడుచున్న సర్వరు నిజమైనదేనా యని లైబ్రరీ దాని ధ్రువపత్రమును పరీక్షించును. పరీక్ష తప్పినప్పుడు ‘వెరిఫై’ అను చోట ‘వలదు’ అని వ్రాసి ముందుకు పోవుడని సలహా చెప్పువారు కలరు. ఉత్తరముపైని ముద్ర చెదరియున్నదని తెలిసియు కన్నులు మూసికొని చదువుటయే అది. అట్టి సలహాను మేము మా గదిలో అంగీకరింపలేదు.

ఎనిమిదవది, అడుగుటకును ఇచ్చుటకును భేదమెరుగుట. ‘గెట్’ అనునది చూపుమని యడుగుట. పది మారులు అడిగినను సర్వరు నందేదియు మారరాదు. ‘పోస్ట్’ అనునది ఏదో యొకటి అప్పగించుట. దరఖాస్తు వేయుట, డబ్బు కట్టుట మున్నగునవి. జవాబు రానప్పుడు గెట్ అర్జీని మరల పంపిన బాధ లేదు. పోస్ట్ అర్జీని మరల పంపినచో ఒకే రుసుము రెండు మారులు కట్టబడవచ్చును. ఏలయనగా జవాబు రాకపోయినంత మాత్రమున అర్జీ చేరలేదని చెప్పజాలము. అర్జీ చేరి, జవాబు మాత్రమే దారిలో తప్పియుండవచ్చును. కావున పోస్ట్ అర్జీ విషయమున మొదట పని జరిగినదో లేదో విచారించి పిమ్మటనే మరల పంపవలయును.

ఇన్ని మర్యాదలును పాటించి ప్రోగ్రాము పూర్తియైన సాయంకాలమున బాలుడు ఒక కాగితముపై ఆనాటి ధర యని యొక్క అంకెను మాత్రము ముద్రించుకొని సంతోషముతో ఇంటికి పోయెను. మరునాడు వచ్చి, తండ్రి దానిని చూచి, “ఇది ఏనాటి ధరరా? తేజాదా, 334దా?” అని యడిగెనని చెప్పెను. మేమెల్లరము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. కంప్యూటరును ముట్టని ఆ రైతు అడుగవలసిన ప్రశ్నలనే అడిగెను. 200 అను సంఖ్య అర్జీకి సరియైన విధమున జవాబు వచ్చినదనుటకు సాక్ష్యము. ఆ జవాబులోని మాట నేటిదనుటకు గాని, మన సరకుకు చెందినదనుటకు గాని అది సాక్ష్యము కాదు. ఏ మార్కెట్టువారి ధర ఆనాడు చేరలేదో ఆ మార్కెట్టు పేరు జవాబులో కానరాదు. అప్పుడును సంఖ్య 200యే. వరుసలు మాత్రము శూన్యము.

తండ్రి మాట ననుసరించి పిల్లలు కాగితమును మరల తీర్చిరి. ఇప్పుడందు మార్కెట్టు పేరు, రకము, సరకు వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అన్నియు నుండును. మోడల్ అనగా నమూనా యని పొరబడరాదు. పదవ తరగతి గణితమున చదువు బాహుళకమే యది. ఎక్కువ సరకు ఏ ధరకు పోయినదో ఆ ధర. తన కాయ రంగు, తేమ, తాలు ఎరిగిన రైతు తన సరకు కనిష్ఠమునకు దగ్గరయో గరిష్ఠమునకు దగ్గరయో తానే తూచుకొనును. ఆనాటి వరుస రానిచో ప్రోగ్రాము నిన్నటి అంకెను నేటిదిగా చూపక ‘నేటి ధర రాలేదు’ అని ముద్రించును. ఈ యొక్క పంక్తిని వ్రాయుటకు పిల్లలు మొదట ఒప్పుకొనలేదు. ఖాళీ కాగితము చూచి తండ్రి నవ్వునని వారి శంక. తప్పుడు అంకెను నమ్మి టిక్కీలను లారీకెత్తించిన పిమ్మట ఆ నవ్వు కూడ మిగులదని చెప్పగా ఒప్పుకొనిరి. తరువాత ఆ తండ్రి ఆ కాగితమును చూచి, కమీషను వ్యాపారితో ఫోనులో మాటాడి, రెంటిని పోల్చుకొని సగము సరకు అమ్మెననియు, తక్కినది ఆపెననియు విన్నాము. లాభమో నష్టమో మేము చెప్పబూనము. ఇతరుల మాట నమ్మి గాక, తానే తెలిసికొని నిర్ణయించుకొనెననునది మాకు చాలును.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! 2013 జూలైలో మన దేశమున తంతి సేవ నిలిచిపోయినది. మాటకింతయని రూకలు చెల్లించిన ఆ దినములలో ప్రతి మాటను తూచి పంపెడివారు. నేడు అర్జీ పంపుటకు మాటకు రుసుము లేదు. లైబ్రరీ దయవలన శ్రమయు లేదు. రుసుము పోయినను మర్యాద పోరాదు. మీ ప్రోగ్రాము మీ పేరుతో లోకములోనికి పోవు దూత. అది తన పేరు చెప్పుకొనవలయును, కావలసినంతయే అడుగవలయును, గడువు దాటినచో తిరిగి రావలయును, వలదన్నచోట ఆగవలయును, తెచ్చిన మాటను తేదీతో సహా ఉన్నదున్నట్లు చెప్పవలయును. దినదినము ప్రార్థనతో తలుపులు తెరచు ఈ పాఠశాలలో అడుగుటయన నేమో మీకు వేరుగ బోధింప నక్కరలేదు. ఆ వినయమునే మీరు వ్రాయు కోడునకును నేర్పుడు. మన పల్లెలలో ఇంకను ఎన్నియో ప్రశ్నలు కలవు. కాలువకు నీరెప్పుడు వచ్చును, వాన ఎప్పుడు కురియును, విత్తనము ధర ఎంత యని మీ యిండ్లలో ప్రతిరాత్రియు అడుగుచునే యున్నారు. వానిలో ఒక్కదానికైనను మీ చేతి ప్రోగ్రాము నిజమైన జవాబు తెచ్చి పెట్టినచో మా శ్రమ ఫలించినదని సంతసింతుము.